దవడ బిగింపుకు సూదిమందు: పది నెలల నా అనుభవం

నిద్రలో నేను పెద్దయ్యాక కూడా పళ్ళు కొరుకుతానన్న సంగతి మా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో మావారు ఆ చప్పుడు విని, అటక మీద ఎలుక ఏదో కొరుకుతోందనుకుని టార్చిలైటు పట్టుకుని లేచి చూశారట. ఆ మాట అంటే నేను నొచ్చుకుంటానని పదిహేనేళ్ళు దాచుకున్నారు. మా అమ్మకు అటువంటి మొహమాటం లేదు. చిన్నప్పుడు నా పళ్ళ చప్పుడు వినబడిన మర్నాడల్లా కడుపులో నులిపురుగులున్నాయని తీర్మానించి, వేపాకు నూరి ఉండ చేసి పరగడుపున మింగించేది. నిరుడు దవడ కండరాన్ని సడలించే బొటులినమ్ టాక్సిన్ (జనం బొటాక్స్ అనేది) ఇంజెక్షన్లు చేయించుకున్నానని చెప్పినప్పుడు కూడా ఆమె మొదట అడిగింది, "పురుగుల మాత్ర వేసుకున్నావుటే?" అనే. పురుగులకూ పళ్ళు కొరకడానికీ ముడిపెట్టే ఆ మాటను నన్ను చూసిన వైద్యులెవరూ ఒప్పుకోలేదు. వేపాకు చేదు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

విజయవాడలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఏటా వేసవి మొదట్లో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళి, జవాబుపత్రాల కట్ట ముందు పెట్టుకుని మార్కులు కూడుతున్నంతసేపూ నా పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాన్నొకటి అదిమి పట్టుకుని ఉంటాయని నాకు చాలాకాలం తెలియదు. సాయంత్రానికి కణతలు పోటెత్తేవి. ఎండ దెబ్బ అనుకునేదాన్ని. పొద్దున లేచేసరికి చెవుల ముందు, దవడ కీలు దగ్గర సలుపు ఉండేది, ఆవలిస్తే కటుక్కుమనేది; దిండు మార్చాను. కళ్ళద్దాల నంబరు మారిందేమోనని కంటి వైద్యుని దగ్గరకూ, చెవిలో ఏదో ఉందని చెవి వైద్యుని దగ్గరకూ తిరిగాను. చెవి శుభ్రంగా ఉందని చెప్పి పంపిన ఆయన, ఒకసారి పంటి వైద్యునికి కూడా చూపించుకోమని ఒక్క మాట అని ఉంటే నాకు రెండేళ్ళు కలిసివచ్చేవి.

2022 దసరా సెలవుల్లో పప్పుచెక్క కొరుకుతుండగా ఎడమవైపు కింది దవడపన్ను నిలువునా చిట్లింది. రూట్ కెనాల్ చేశారు, పైన పింగాణీ క్యాప్ తొడిగారు. ఐదు నెలలు తిరగకుండానే క్యాప్ అంచున పింగాణీ పెచ్చు లేచిపోయింది. నేనేదో గట్టిది కొరికి ఉంటానని ఆ వైద్యుడు, క్యాప్ నాసిరకమని నేను, కొంతసేపు మర్యాదగానే వాదించుకున్నాం. రాత్రులు నిద్రలో ఏం జరుగుతోందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నిజానికి చెప్పడానికి నాకే తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చి గొడవంతా చెబుతుంటే మావారు చాలాసేపు మౌనంగా కూర్చుని, చివరికి ఎలుక కథ బయటపెట్టారు.

ఆ కథ పట్టుకుని వేరొక దంతవైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. ఆమె పన్ను చూడటానికి ముందు నా బుగ్గల మీద రెండు అరచేతులూ ఆనించి, "గట్టిగా పళ్ళు బిగించండి మేడమ్" అన్నారు. దవడ మూల దగ్గర ఉండే పెద్ద నమిలే కండరం ఆమె వేళ్ళ కింద గోలీకాయలా లేచింది. తర్వాత బుగ్గ లోపలి వైపు, పళ్ళు కలిసే ఎత్తులో పొడవునా ఉన్న తెల్లని గీతను అద్దంలో చూపించారు. నాలుక అంచున పళ్ళ అచ్చులు వరసగా పడి ఉన్నాయి. మొనదేలి ఉండవలసిన కోరపళ్ళు ముందరి పళ్ళతో సమానంగా అరిగి చదునైపోయాయి. నోరు తెరవమని చిన్న స్కేలుతో కొలిస్తే 31 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా పెద్దవాళ్ళ నోరు 40 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుంటుందని, తమ మూడు వేళ్ళు నిలువుగా పట్టాలని చెప్పారు. నాకు రెండు వేళ్ళు పట్టి మూడోది ఆగిపోయింది. ఇన్నేళ్ళూ నేను ఇడ్లీ కూడా చిదుముకుని తింటున్నది ఒద్దిక వల్ల కాదని అప్పుడు తెలిసింది.

మొదట ఇచ్చింది నైట్ గార్డ్. పై పళ్ళకు అచ్చు తీసి, గట్టి యాక్రిలిక్‌తో చేసిన పారదర్శకమైన తొడుగు అది. మెత్తని రబ్బరు రకం కూడా దొరుకుతుంది గానీ, గట్టిగా బిగించేవాళ్ళు కొందరు దాన్ని నములుతూ ఇంకా ఎక్కువ పనిచేయిస్తారని ఆమె వద్దన్నారు. మొదటి వారం నోట్లో బొమ్మరాయి పెట్టుకుని పడుకున్నట్టుండేది, లాలాజలం కారి దిండు తడిసేది, తర్వాత అలవాటైంది. గార్డు పళ్ళను కాపాడింది, అందులో సందేహం లేదు. కొత్తగా ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. కానీ ఏడాది గడిచినా పొద్దుటి సలుపు తగ్గలేదు. నెలకొకసారి గార్డు చూపిస్తే దాని మీద గోరుతో గీకినట్టు గీతలు, రెండుచోట్ల పల్లాలు. పళ్ళకు బదులు ప్లాస్టిక్ అరుగుతోంది, అరగదీస్తున్న కండరం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

ఈలోగా ఆమె బిగింపుకు ఉండగల కారణాలను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టుకుంటూ వచ్చారు. కుంగుబాటుకు ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు, ఎందుకంటే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందులు కొందరిలో దవడ బిగింపును తెస్తాయట. నేను వాడటం లేదు. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా అని మావారిని అడిగారు, లేదు. రోజుకు ఎన్ని కాఫీలు అన్నప్పుడు మాత్రం నేను తల దించుకున్నాను. ఐదు కాఫీలను రెండుకు తగ్గించి, రెండోది మధ్యాహ్నం మూడు లోపలే ముగించడం ఈ మొత్తం వైద్యంలో నాకు అన్నిటికన్నా కష్టమైన భాగం. ఇవన్నీ అయ్యాక, దవడ శస్త్రచికిత్స నిపుణునికి ఒక ఉత్తరం రాసి ఇచ్చి, కండరాన్ని సడలించే ఇంజెక్షన్ల గురించి ఆయనతో మాట్లాడమన్నారు.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పాలి. ఆ నెలలోనే తోటి అధ్యాపకురాలు ఒకామె నన్ను ఒక సౌందర్య చికిత్సాలయానికి తీసుకువెళ్ళింది. అక్కడ నా ముఖం చూసి, "దవడ వెడల్పుగా ఉంది మేడమ్, రెండు సూదులతో ముఖం కోలగా వచ్చేస్తుంది" అన్నారు. మందు అదే. కానీ నోరు తెరిపించి చూడలేదు, కీలు ముట్టుకోలేదు, ఏ మందులు వాడుతున్నానో అడగలేదు. ఆ వారంలో చేయించుకుంటే రాయితీ ఉందని చెప్పారు. బయటికి వచ్చేశాను. నొప్పికి వైద్యం చేయించుకోవడం వేరు, ముఖం చెక్కించుకోవడం వేరు అని చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు గానీ, రెండోది కోరుకునేవాళ్ళను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఎవరు చేయించుకున్నా కండరం అదే, చుట్టూ ఉన్న నరాలూ గ్రంథులూ అవే. వాటిని తెలిసిన చేయి కావాలి.

శస్త్రచికిత్స నిపుణుడు వయసు మళ్ళినవారు, తక్కువగా మాట్లాడతారు. నేను కుర్చీలో కూర్చోగానే ఆయన అన్న మొదటి మాటను నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఈ ఇంజెక్షన్ మీ పళ్ళు కొరికే అలవాటును మాన్పించదు, కొరికే బలాన్ని తగ్గిస్తుంది. నిద్రలో దవడను బిగించమని చెప్పే ఆజ్ఞ మెదడు నుంచి వస్తూనే ఉంటుంది. ఆ ఆజ్ఞ అందుకున్న కండరం మాత్రం మునుపటంత బిగించలేదు. ఈ తేడా అర్థం కానివాళ్ళే నాలుగు నెలల తర్వాత వచ్చి, మందు పనిచేయలేదని తనతో పోట్లాడతారని చెప్పారు. రెండో మాట ఇంకా సూటిగా ఉంది. బొటులినమ్ టాక్సిన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1989లో మెల్లకంటికీ, ఆపుకోలేని కనురెప్పల బిగింపుకూ, 2002లో కనుబొమల నడుమ ముడతలకూ, 2010లో దీర్ఘకాలపు మైగ్రేన్‌కూ ఆమోదించింది. పళ్ళు కొరకడం ఆ జాబితాలో లేదు. అంటే వైద్యుడు తన అనుభవాన్ని బట్టి, రోగికి వివరంగా చెప్పి, సంతకం తీసుకుని చేసే వాడుక ఇది. సంతకం పెట్టే కాగితాన్ని ఆయన ఇంటికి పంపించి, చదువుకుని వారం తర్వాత రమ్మన్నారు.

ఇంట్లో ఆ కాగితం పెద్ద దుమారమే రేపింది. టాక్సిన్ అంటే విషమే కదా అని మావారు పట్టుబట్టారు. విషమే. జర్మనీలో 1820ల ప్రాంతంలో, చెడిపోయిన మాంసపు సాసేజీలు తిని చచ్చుబడి చనిపోయినవాళ్ళ గురించి జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు వివరంగా రాశాడు. ఆయన కవి కూడా. లాటిన్‌లో సాసేజీని బొటులస్ అంటారు, ఆ జబ్బు పేరు అక్కడి నుంచే వచ్చింది. 1895లో బెల్జియంలోని ఒక పల్లెలో ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం తిన్న వాద్యగాళ్ళు జబ్బుపడితే, ఎమిల్ వాన్ ఎర్మెంగెం ఆ మాంసంలోంచి దానికి కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు, ఆ విషాన్నే అతి స్వల్ప మోతాదులో కంటి కండరంలోకి ఎక్కించి మెల్లకన్ను సరిచేయవచ్చని చూపించాడు. ఇదంతా నేను రాత్రి భోజనాల దగ్గర పాఠం చెప్పినట్టు చెప్పాను, మావారు పెరుగన్నం కలుపుకుంటూ, "సాసేజీ సంగతి తినేటప్పుడు చెప్పాలా?" అన్నారు.

అది పనిచేసే తీరు మాత్రం రసాయనశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు నిజంగా ముచ్చట కలిగించింది. నరం చివర చిన్న చిన్న తిత్తుల్లో ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఉంటుంది. ఆ తిత్తులు నరపు గోడకు అతుక్కుని పగిలి, అది కండరం మీద పడితేనే కండరం ముడుచుకుంటుంది. తిత్తిని గోడకు లాగి అతికించే ప్రోటీన్లలో ఒకదానిని ఈ మందు కత్తెర వేసినట్టు తెంచుతుంది. కండరం చావదు, నరం తెగదు. కబురు అందదు, అంతే. కొన్ని వారాలకు నరం కొత్త కొసలు వేసి కబురు పంపడం మొదలుపెడుతుంది, కొన్ని నెలలకు పాత కొసే కోలుకుంటుంది. అందుకే ప్రభావం మూడు నుంచి నాలుగు నెలలకు మించి నిలవదు. శాశ్వతం కాదు అన్న మాట నా డబ్బుకు చెడ్డ వార్త, మావారి భయానికి మంచి వార్త.

2024 డిసెంబరు 27 సాయంత్రం ఇంజెక్షన్లు చేశారు. అంతకు ముందు మరోసారి ప్రశ్నలు: కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా గ్రేవిస్ వంటి జబ్బు ఉందా, గర్భం గానీ పాలిచ్చే బిడ్డ గానీ ఉన్నారా, జెంటామైసిన్ రకపు యాంటీబయాటిక్ వాడుతున్నారా, రక్తం పలుచబరిచే మందులున్నాయా. అన్నిటికీ లేదనే చెప్పాను. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి నా ముందే మూత విప్పారు, అంతకు ముందు దాని మీది బ్యాచ్ నంబరూ గడువు తేదీ నాకు చూపించారు. అందులో నాకేమీ కనబడలేదు. ఖాళీ సీసా అనుకున్నాను. అడుగున పల్చని పొరలా ఎండి అంటుకుని ఉన్నదే మందట, 100 యూనిట్లు. 2.5 మిల్లీలీటర్ల సెలైన్‌ను సీసా గోడ వెంట మెల్లగా జారవిడిచి, కుదపకుండా చేతిలో తిప్పి కలిపారు. అంటే ప్రతి 0.1 మిల్లీలీటరుకు 4 యూనిట్లు. ఈ లెక్క నేనే ముందు చెప్పేసరికి నర్సు నవ్వింది. ఒక కంపెనీ యూనిట్ ఇంకొక కంపెనీ యూనిట్‌తో సమానం కాదనీ, కాబట్టి ఎప్పుడైనా వేరే చోట చేయించుకోవలసి వస్తే యూనిట్ల సంఖ్యతో పాటు మందు పేరు కూడా చెప్పాలనీ ఆయన నా ఫైలులో పెద్ద అక్షరాలతో రాయించారు.

పళ్ళు బిగించమని, వదలమని నాలుగైదుసార్లు చేయించి, కండరం ముందు అంచూ వెనక అంచూ పెన్నుతో గీశారు. చెవి తమ్మె నుంచి పెదవి మూల దాకా ఒక అడ్డగీత గీసి, చుక్కలన్నీ దాని కిందనే పెట్టారు. ఆ గీతకు పైన లాలాజల గ్రంథి గొట్టం, ముందుకు జరిగితే నవ్వును లాగే సన్నని కండరం ఉంటాయట. ఒక్కొక్క చెక్కిలికి నాలుగు చుక్కలు, చుక్కకు 6 యూనిట్ల చొప్పున 24. కణతల్లో మూడేసి చుక్కలు, 4 యూనిట్ల చొప్పున 12. రెండు వైపులా కలిపి 72 యూనిట్లు. మైగ్రేన్‌కు 31 చోట్ల 155 యూనిట్లు ఇస్తారని విన్నాక ఇది పెద్ద మోతాదు అనిపించలేదు. సూది వెంట్రుకంత సన్నం. చెక్కిలిలో చీమ కుట్టినట్టుంది, ఆ వెంటనే లోపల ఏదో ఉబ్బిన భావన. కణతలో మాత్రం ఎముక దగ్గరకు వెళ్ళినప్పుడు సూది చప్పుడు చెవిలో వినబడినట్టనిపించి కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను. పట్టుకున్నానని చెప్పడం మర్యాద; నిజానికి ఆ క్షణంలో కూడా పళ్ళే బిగించాను, "వదలండి, వదలండి" అని ఆయన రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొత్తం పని పావుగంట లోపే అయిపోయింది. నాలుగు గంటల పాటు పడుకోవద్దు, ఒక రోజంతా బుగ్గలు రుద్దుకోవద్దు, బరువైన వ్యాయామం వద్దు అన్నారు. యూనిట్‌కు 350 రూపాయల లెక్కన 25,200 చెల్లించి బయటపడ్డాను. బీమా కంపెనీ ఇందులో ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.

మూడు రోజులు ఏమీ కాలేదు. కుడి కణత మీద శనగగింజంత కమిలిన మచ్చ తప్ప నాకు గుర్తేమీ లేదు, నాలుగో రోజు పొద్దున కూడా ఎప్పటిలాగే సలుపుతో లేచాను. మోసపోయాననే అనుకున్నాను. ఆరో రోజు బ్రష్ చేసుకుంటూ అలవాటు కొద్దీ దవడ బిగించబోతే, బిగింపు సగంలో ఆగిపోయింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. మెట్లు దిగుతున్నప్పుడు ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోయినట్టుంది. బుగ్గ మీద వేలు పెట్టి చూసుకుంటే గోలీకాయ లేవలేదు.

రెండో వారం పూర్తయ్యేసరికి సంక్రాంతి వచ్చింది, మందు బలం పూర్తిగా అందుకునే సమయమూ అదే. ముహూర్తం చూసుకోకుండా చేయించుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అమ్మ చేసిన అరిసెలకు పాకం కాస్త ముదిరింది. ఒక అరిసె తినడానికి నాకు పావుగంట పట్టింది, సగం తినేసరికి బరువు మోసినట్టు దవడ అలసిపోయింది. చెరకు ముక్కను చీల్చడానికి ప్రయత్నించి తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను. జంతికలు పాలలో నానబెట్టుకుని తిన్నాను. కనుమ నాటి మాంసం ముక్కలు వదిలి పులుసుతో సరిపెట్టుకున్నాను. గారెలు మాత్రం ఏ ఇబ్బందీ పెట్టలేదు, ఆ లోటంతా వాటితో తీర్చుకున్నాను. మా వదిన, "పళ్ళున్న ముసలమ్మవైపోయావు" అంది. అన్నం, పప్పు, కూర మామూలుగానే తినగలిగాను. మందు పడని నమిలే కండరాలు వేరే ఉన్నాయి కదా. మింగడానికీ మాట్లాడటానికీ కూడా ఏ లోటూ రాలేదు. ఆ పెద్ద అలసట నాలుగో వారానికి తగ్గింది.

అనుకోనిది ఇంకొకటి జరిగింది. రిపబ్లిక్ దినోత్సవం నాడు కళాశాలలో తీసిన ఫోటోలో నా నవ్వు ఒకవైపుకే ఉంది: ఎడమ పెదవి మూల పైకి వెళ్ళింది, కుడిది దాదాపు కదలలేదు. నేను గమనించక ముందే రెండో సంవత్సరం పిల్ల ఒకతె, "మేడమ్, ఫోటోలో కోపంగా ఉన్నారా?" అని అడిగింది. వైద్యునికి ఫోటో పంపితే, కుడివైపు ముందరి చుక్క నుంచి మందు కొంచెం పాకి నవ్వు కండరాన్ని తాకిందని, ఆరు వారాల లోపు సర్దుకుంటుందని చెప్పారు. సర్దుకుంది. సంతకం పెట్టిన కాగితంలో ఇది కూడా ఒక వాక్యంగా ఉంది. చదివినప్పుడు అది వేరే ఎవరికో జరిగేదన్నట్టు చదివాను. పాఠం చెప్పేవాళ్ళకు, వేదిక ఎక్కేవాళ్ళకు ఆ ఆరు వారాలు చిన్నవి కావని మాత్రం చెప్పగలను.

ఫలితం గురించి నా నోటుపుస్తకం చెప్పేదే చెబుతాను. 2024 నవంబరులో 30 రోజుల్లో 22 పొద్దుళ్ళు సలుపుతో లేచాను. 2025 ఫిబ్రవరిలో 28 రోజుల్లో నాలుగు. నవంబరులో తలనొప్పి మాత్రలు పదకొండు, ఫిబ్రవరిలో ఒకటి. ఫిబ్రవరి చివర నోరు కొలిస్తే 41 మిల్లీమీటర్లు. మూడో వేలు పట్టింది. కటుక్కుమనే చప్పుడు మాత్రం పోలేదు, అది కీలు లోపలి పళ్ళెం జరగడం వల్ల వచ్చేది, కండరానికిచ్చిన మందు దాన్నేమీ చేయదు. గార్డు వాడకం ఒక్క రాత్రి కూడా మానలేదు. గార్డు మీద గీతలు అప్పుడు కూడా పడ్డాయి, పల్లాలు పడలేదు. ఆయన మొదటి రోజు చెప్పిన మాట, అలవాటు పోదు బలం తగ్గుతుంది అన్నది, ఆ ప్లాస్టిక్ ముక్క మీద నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది.

బలం తగ్గిన ఆ మూడు నెలల్లోనే పగటి బిగింపును పట్టుకోవాలని దంతవైద్యురాలు పట్టుబట్టారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి, పళ్ళ మధ్య మాత్రం రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి; నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్ళు పళ్ళకు తగలకూడదు. నలభై ఏళ్ళు పైబడిన నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నోరు మూసుకోవడమంటే పళ్ళు మూసుకోవడమే అనుకున్నాను. నాలుకను ఎక్కడ పెట్టాలంటే, ఎన్ అనే ఇంగ్లీషు అక్షరం పలికే చోట అన్నారు. ఇంటికి వచ్చి సాధన చేస్తే తేడా వచ్చింది. మన "న" పలికితే నాలుక కొన పళ్ళ వెనక తగులుతుంది, "ణ" పలికితే వెనక్కి మడత పడుతుంది. ఆమె చెప్పిన చోటు ఈ రెండింటికీ నడుమ, పై పళ్ళ వెనక చిగురు గట్టు మీద ఉంది. "న"కూ "ణ"కూ మధ్య అని చెప్పాక ఆమె కూడా తన దగ్గరకు వచ్చేవాళ్ళకు అలాగే చెబుతున్నారట. ఎర్ర పెన్ను మూతకు, ఇంటి తలుపు గొళ్ళేనికి, ఫోను వెనక చిన్న పసుపు చుక్కలు అంటించుకున్నాను. చుక్క కనబడినప్పుడల్లా దవడ చూసుకోవాలి. మొదటి రోజు చూసినప్పుడల్లా బిగించే ఉంది.

మార్చి చివర స్పాట్ వాల్యుయేషన్ మొదలైంది, మందు తగ్గుముఖం పట్టే రోజులూ అవే. రెండో వారానికి సాయంత్రపు కణత పోటు మళ్ళీ వచ్చింది, కాకపోతే ఈసారి దాని రాకను నేను చూడగలిగాను. జవాబు తప్పు రాసినప్పుడు కాదు, జవాబు తెలిసి సమీకరణాన్ని సమతుల్యం చేయకుండా వదిలేసిన పత్రం చూసినప్పుడు నా పళ్ళు బిగుసుకుంటున్నాయి. ఎర్ర పెన్ను పసుపు చుక్క చూసి వదిలేదాన్ని; పది పత్రాల తర్వాత మళ్ళీ అదే.

మేలో రెండోసారి చేయించుకున్నాను. పన్నెండు వారాల కన్నా ముందు మళ్ళీ చేస్తే శరీరం ఆ మందుకు ఎదురు పదార్థాలు తయారుచేసుకుని ముందు ముందు అది పనిచేయకుండా పోయే ప్రమాదం ఉందని, మావారు తొందరపెట్టినా ఆయన ఆగమన్నారు. తొందరపెట్టింది మావారేనన్నది గమనించాలి. ఆ మూడు నెలలూ ఆయన హాయిగా నిద్రపోయారు. ఈసారి కణతలు వదిలేసి చెక్కిళ్ళకు మాత్రం 20 చొప్పున 40 యూనిట్లు, 14,000 రూపాయలు. కుడివైపు ముందరి చుక్కను వేలెడు వెనక్కి జరిపారు. నవ్వు వంకరపోలేదు, మామిడిపండు టెంక దాకా చీకగలిగాను. ప్రభావం మొదటిసారి అంత గాఢంగా లేదు, ఆగస్టు మధ్య దాకా నిలిచింది.

సెప్టెంబరులో మూడోసారికి వెళ్ళినప్పుడు నేనే ఆపమన్నాను. కారణం ఒకటి డబ్బు, దాచుకోవడం ఎందుకు. రెండోది అద్దం: బుగ్గలు లోపలికి పోయి చెంప ఎముకలు తేలాయి, పెళ్ళిలో కనబడిన మేనత్త షుగరు వచ్చిందా అని అడిగింది. మూడోది ఎముక. కండరం లాగుతూ ఉంటేనే దవడ ఎముక గట్టిగా ఉంటుంది. పదే పదే కండరాన్ని పడుకోబెడితే ఎముక పలుచబడటం జంతువులలో చూశారు, మనుషులలో చేసిన పరిశీలనలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదని ఆయనే చెప్పారు. నేను రుతువిరతికి దగ్గరవుతున్న వయసులో ఉన్నాను, మా అమ్మకు ఎముకల బలహీనత ఉంది. ఆయన వాదించలేదు. సంవత్సరానికి ఒక్కసారి, పరీక్షల కాలానికి ముందు మాత్రం చేయించుకుంటే చాలేమో చూద్దామని, ఈలోగా నోటుపుస్తకం రాస్తూ ఉండమని చెప్పారు.

ఈ అక్టోబరులో తొమ్మిది పొద్దుళ్ళు సలుపుతో లేచాను. గార్డు కుడివైపు ఒక కొత్త గీత పడింది, గోరుతో తాకితే తెలుస్తోంది, ఇంకా పల్లం కాలేదు. దసరాకు అమ్మ పంపిన పప్పుచెక్కలు డబ్బాలో ఇంకా ఉన్నాయి. వాటిని నేను కుడివైపున, ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేసుకుని తింటున్నాను.